తాబేలు నోట్లోంచి తీసిన గాలం

హైటెక్ సిటీలో మా ఆఫీసు గేటు దగ్గర, మొన్న వానలో తడుస్తూ లోపలికి పోతుంటే, స్కానింగ్ యంత్రం నా బ్యాగును పట్టేసింది. కొత్తగా చేరిన సెక్యూరిటీ అన్న లోపలి చిన్న అర వెతికి, వేలెడు పొడవున్న ఇనుప కొక్కెం ఒకటి బయటికి తీశాడు. తడి తగిలితే దాన్నుంచి ఇప్పటికీ తుప్పూ ఉప్పూ కలిసిన వాసన వస్తుంది.

"ఏంది మేడం గిది?"

"చేపల గాలం అన్నా. కొస లేదు చూడండి, గుచ్చుకోదు. చిన్నప్పుడు ఒక తాబేలు నోట్లోంచి తీశాం."

అతను బొటనవేలితో తడిమి చూసుకుని, "మరి బతికిందా తాబేలు?" అన్నాడు. వెనక లైను పెరుగుతోంది. ఒక్క మాటలో చెప్పాల్సిన జవాబే, కానీ ఇది మా ఇంటి గొప్ప. ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదు.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున చిన్న ఊరు. డిసెంబరు వచ్చిందంటే చర్చి మీద కాగితపు నక్షత్రం వెలిగేది, నాయనమ్మ అరిసెలకు పాకం పట్టేది, చూరు కింద ఆరిన నెత్తళ్ల వాసనా పొయ్యి మీది బెల్లం వాసనా కలిసిపోయి ఏది పండగో ఏది పనో తెలిసేది కాదు. పిల్లలం తడి ఇసుకలో ఎర్ర పీతల్ని తరిమి, గవ్వలతో పందేలు వేసుకుని, ఒంటి నిండా ఇసుకతో ఇంటికొచ్చి తిట్లు తిని, అన్నీ మరిచిపోయి గాలాల బుట్ట చుట్టూ చేరేవాళ్లం.

మా నాన్నది గాలాల తాడుతో వేట. ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచినా మిగిలేంత పొడుగు తాడు. దానికి బారెడేసి దూరంలో చిన్న తాళ్లు, ఒక్కో తాటికి ఒక గాలం, గాలానికి ఎరగా కానాగంత చేప ముక్క. నాన్నా, ఆయనతో పడవెక్కే అప్పన్న మావా ఆ తాడును నడిసముద్రంలో పరిచి, కొన్ని గంటలు ఆగి చేదుకునేవారు. ఎర వేసింది వంజరం చేపకీ సొరచేపకీ అయినా, ఆకలి అందరిదీ కదా, అప్పుడప్పుడూ తాబేలు వచ్చి తగులుకునేది. అప్పుడు అప్పన్న మావ దాని డిప్పకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కూర్మావతారమని దండం పెట్టుకుని, తాడు కోసి వదిలేసేవాడు. ఆదివారం తప్పకుండా చర్చికెళ్లే నాన్న కూడా పక్కనే తలవంచుకుని నిలబడేవాడు. భక్తికి లోటేమీ లేదు గానీ, గాలం మాత్రం దాని నోట్లోనే ఉండిపోయేది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా, కబుర్లలో పడి ఎర గుచ్చుతూ గాలాన్ని నా ఎడమ అరచేతిలోనే దింపుకున్నాను. గాలం కొసన వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. సుఖంగా లోపలికి పోతుంది, వెనక్కి లాగితే కండను పట్టుకొస్తుంది. అందుకే నాన్న వెనక్కి లాగలేదు. నేను ఊరు దద్దరిల్లేలా ఏడుస్తున్నా ఇంకాస్త ముందుకే తోసి, ముల్లు బయటికి రాగానే ఇంజను పెట్టెలోని కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, మిగిలిన ఇనుమును వచ్చిన దారినే జార్చేశాడు. నాయనమ్మ పసుపు అద్ది నోట్లో అరిసె ముక్క కుక్కింది. నములుతూ ఏడవడం కుదరదని ఆవిడకు బాగా తెలుసు.

ఆ పుండు మానకముందే ఒక ఉదయం నాన్న పడవలో తాబేలు వచ్చింది. తాడు రెక్కకు చుట్టుకుని, నీళ్లలోనే సొమ్మసిల్లిపోతే వదలడానికి చేతులు రాక ఒడ్డుకు తెచ్చారు. డిప్ప వెనక అంచు అరచెయ్యంత విరిగి ఉంది. ఏ పడవ ఇంజను పంకాయో తగిలి ఉంటుంది. నోటి మూల నుంచి గాలం కాడ వేలాడుతోంది. తడిగోనె కప్పి నీడన ఉంచితే కాసేపటికి కళ్లు తెరిచింది. మావ పసుపు పొట్లం విప్పాడు.

"పాపం, అలిసిపోనాది. బొట్టెట్టి ఒగ్గేద్దాం. ఆ సామే సూసుకుంటాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. కాసేపు ముల్లు చేతిలో ఉంటేనే నేను ఆ పూట అన్నం ముట్టలేదు. దీనికి నోట్లోనే ఉంది, ఇక ఏం తింటుంది, ఎలా బతుకుతుంది?

"గాలం తియ్యవేటి మావా?"

"దాని నోట్లో సెయ్యెడతారేటే? యేళ్లు కొరికేత్తాది!"

నేను నాన్న ముందుకెళ్లి కట్టు విప్పి అరచెయ్యి చూపించాను. "నా సేతిలోది తీసినట్టే దీనిదీ తియ్యి నాన్నా."

నాన్న నా చెయ్యి చూశాడు, తాబేలును చూశాడు, ప్లేయరు తెమ్మన్నాడు. నాయనమ్మ కొబ్బరి పీచు డొక్క ఒకటి తెచ్చి, "దానికీ ఏదోటి నవలనివ్వండ్రా" అంటూ దవడల మధ్య ఇరికించింది. మావ పసుపు చేతులతోనే మెడ పట్టుకున్నాడు. నాన్న గాలాన్ని ముందుకు తోశాడు, ముల్లు బయటికొచ్చింది, టక్కున తెగింది, మిగిలింది జారి ఇసుకలో పడింది. అదే ఈ గాలం.

మావ బొట్టు పెట్టాక నలుగురు మోసుకెళ్లి నీళ్ల అంచున దించారు. ఒక అల వచ్చి తడిపి పోయింది, కదల్లేదు. ఇంకొకటి వచ్చింది, కదల్లేదు. మూడో అలకు రెక్కలు రెండూ ఒక్కసారి కొట్టి, పసుపు బొట్టుతో సహా సముద్రంలోకి దూసుకుపోయింది. ఊరంతా ఒకటే కేక! మావ తలగుడ్డ గాల్లోకి విసిరాడు, నాన్న నన్ను భుజాల మీదికెత్తుకున్నాడు. అంత పొడవు నేను మళ్లీ ఎప్పుడూ లేను.

ఆనాటి నుంచి మావ పసుపు పొట్లం పక్కన ఒక ప్లేయరు చేరింది. చూసి నవ్విన పడవలవాళ్లే తర్వాత తామూ కొనుక్కున్నారు. మరుసటి చలికాలం, తెల్లవారుతుండగా నాయనమ్మ కేకేస్తే పరిగెత్తాను. ఇసుకలో గుడ్లు పెట్టి నీళ్ల వైపు వెళ్లిపోతున్న తాబేలుకు డిప్ప వెనక అరచెయ్యంత విరుపు, నోటి మూల మానిపోయిన మచ్చ. నా చేతిలోనూ అదే మచ్చ.

ఆ ఇసుకను ఇప్పుడు సముద్రం తినేసింది. నాయనమ్మ లేదు, అప్పన్న మావ లేడు, బుట్ట చుట్టూ కూర్చునే పిల్లలూ లేరు. నాన్న నార్సింగిలో మాతోనే ఉంటూ, మబ్బు పడితే బాల్కనీలో నిలబడి గాలి ఎటుదో చెబుతుంటాడు. అక్కడ ఆ మాట అవసరమైనవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప.

ఇదంతా లైన్లో నిలబడి ఎలా చెప్పను? "బతికింది అన్నా!" అన్నాను, వెనకవాళ్లందరికీ వినబడేలా. "మరుసటేడు మా ఊరికే వచ్చి గుడ్లు పెట్టింది!"

"గట్లనా! మంచిగ చేసిన్రు మేడం," అని నవ్వి, అతను గాలాన్ని నా అరచేతిలో, సరిగ్గా ఆ మచ్చ మీదే పెట్టాడు. పిడికిలి మూసుకుని లోపలికి నడిచాను.