దేవసహాయం గారికి అందని నోటీసు

‘మా నాయనగారు మొన్న ఆదివారం ప్రభువునందు నిద్రించిరి’ అని దేవసహాయం గారి కొడుకు రాసిన కార్డు శనివారం నాడు కచేరీ టపాలో వచ్చింది. చదివి నిర్విణ్ణుణ్ణయ్యాను. బందరులో మా కోర్టు సమన్లు మోసుకుని, గుడివాడ మొదలు దివిసీమ లంకల దాకా ఇరవై ఏళ్ళు తిరిగిన ఆ పాదాలు ఆగిపోయాయంటే నమ్మశక్యం కాలేదు. ఆయన బతికుండగా నేను ‘గారు’ అని ఒక్కనాడూ అనలేదు. నేను గుమాస్తాను, ఆయన బంట్రోతు. ‘ఏవోయ్ దేవసహాయం’ అనేవాణ్ణి. ఇప్పుడు ‘గారు’ అని రాస్తున్న నా చేతిని చూస్తే నాకే ఏవగింపుగా ఉంది.

ఆ సాయంత్రమే వరండాలో సంతాపసభ జరిపారు. కర్తవ్యదీక్షాపరుడన్నారు, అజాతశత్రువన్నారు, నిష్కళంక చరితుడన్నారు. ఆయన ఉద్యోగం పోయిననాడు ఆ నోళ్ళలో ఒక్కటీ తెరుచుకోలేదు. నాదీ అంతే. అందరికన్నా ఎక్కువ కన్నీళ్ళు పెట్టుకున్నవాడు ఆయన స్థానంలో వచ్చిన బంట్రోతు. ‘ఆ మహానుభావుడి ఇంటి గడప తొక్కడం నా పూర్వజన్మ సుకృతం’ అంటూ తుండుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ మనిషి పేరు రాయను. మూడో ఫారం ప్యాసయినవాడు, అంతవరకు చాలు.

ఈ వృత్తి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. దావా పడితే ప్రతివాదికి ఫలానా రోజు హాజరు కమ్మని సమను వెళ్తుంది. బంట్రోతు దాన్ని చేతికిచ్చి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. మనిషి దొరక్కపోతే ఇద్దరు సాక్షుల ఎదుట వీధి తలుపుకి అంటించి రావచ్చు. ఈ ‘అంటింపు’ మా శాఖలో సోమరుల పాలిటి వరం. కాఫీ హోటల్లో కూర్చుని పది ఊళ్ళ తలుపులకు నోటీసులు అంటించివచ్చిన ఘనులను నేనెరుగుదును. ఆ కాగితం మొహం చూడని అమాయకుడు హాజరు కాడు. కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇస్తుంది, వాడి పొలం పోతుంది.

దేవసహాయం గారి పద్ధతి వేరు. మొవ్వ దగ్గర ఒక వితంతువు మీద దావా పడింది. మూడుసార్లు వెళ్ళినా ఆమె ఇంట్లో లేదు, నాట్లకు వెళ్ళింది. నాలుగోసారి ఆయన చెప్పులు గట్టుమీద విడిచి, మోకాటి లోతు బురదలోకి దిగి, సమను చదివి వినిపించారు. తారీఖులు ఆమెకు తెలియవు గనక ‘వచ్చే బుధవారం కాక ఆపై బుధవారం’ అని వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పారు. వాయిదానాడు ఆమె అందరికన్నా ముందు వచ్చి వరండాలో నుంచుంది. ఇదంతా నాకు చెప్పింది ఆమే. ఒక్క సమనుకి ఇన్నిసార్లు తిరగడం ఏం పని, అంటించి రాకూడదా అని ఆయన్ని మందలించాను.

‘చేతికి అందేదాకా పిలిచినట్టు కాదండీ’ అన్నారాయన. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, విని ఎన్నిసార్లు నవ్వుకున్నానో.

గుడివాడలో ఒక వర్తకుడు ఈయన్ని చూడగానే బస్తాల వెనక దాక్కున్నాడట. ఈయన ఛాతీమీద ఇత్తడి బిళ్ళ తళతళలాడుతుండగా కొట్టు ముందు బల్లమీద కూర్చున్నారు. అలా సాయంత్రం దాకా కూర్చునేసరికి గిరాకీ అంతా పక్క కొట్టుకి మళ్ళింది. ఆఖరికి వర్తకుడే బయటికొచ్చి సంతకం పెట్టాడు.

ఇంతలో కొత్త నిబంధనలు వచ్చాయి. బంట్రోతు కావాలంటే మూడో ఫారం, అంటే ఎనిమిదో తరగతి, ప్యాసయిన సర్టిఫికెట్టు ఉండాలి, పుట్టినతేదీకి రుజువుండాలి, సత్ప్రవర్తనకు గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి, కంటిచూపుకి డాక్టరు కాగితం ఉండాలి. వరదలో ఏరు దాటగలగాలని లేదు. చదువు రానివాళ్ళకి చదివి చెప్పాలని లేదు. అబద్ధం రాయకూడదన్న ముక్క ఎక్కడైనా ఉందేమోనని ఆ కాగితాలు రెండుసార్లు తిరగేశాను, అదీ లేదు. దేవసహాయం గారు మిషను బళ్ళో నాలుగో తరగతితో ఆగిపోయారు. ఇరవై ఏళ్ళూ టెంపరరీగానే ఉన్న మనిషిని ఒక్క కలంపోటుతో తీసేశారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే.

ఆయన వాదులాడలేదు. బిళ్ళ శుభ్రంగా తోమి నా బల్లమీద పెట్టి, పాతవారికి మినహాయింపు ఇమ్మని ఒక అర్జీ ఇచ్చారు. అప్పుడప్పుడూ వచ్చి అడుగుతూ ఉండమని సలహా చెప్పాను. ‘కావాలంటే కాగితం పంపుతారండీ. పంపితే మనవాళ్ళు తెచ్చి ఇవ్వరా?’ అని దివిసీమ లంకలో తన ఇంటికి వెళ్ళిపోయారు.

కాగితం రానే వచ్చింది. ఫలానా రోజు అధికారి ఎదుట హాజరై ఒక సమను చదివి, ఒక రిపోర్టు రాసి చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు, రాకపోతే అర్జీ కొట్టేస్తారు. ఆ నోటీసు మన మూడో ఫారం వాడి చేతికే ఇచ్చారు. బద్ధకమో, తన చోటు పోతుందన్న భయమో నాకు తెలియదు. మూడోనాటికి నోటీసు తిరిగొచ్చింది. వెనక అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి: ‘సదరు దేవసహాయం ఇంట లేనందున, ఇద్దరు పెద్దమనుషుల సమక్షమున, వారి వీధి తలుపునకు అంటించి వచ్చితిని.’ నేను ముద్ర వేసి ఫైల్లో పెట్టాను. గడువు దాటింది, అర్జీ కొట్టేశారు. ఆ సంగతి కూడా ఆయనకి ఎవరూ తెలపలేదు. పిలిచినా రాలేదు, మనిషికి పొగరు అన్నారు. కాబోలు అనుకున్నాను.

సభ మర్నాడు నాగాయలంకలో బస్సు దిగి, పడవెక్కి ఆ లంకకు వెళ్ళాను. ఇన్నేళ్ళ పరిచయంలో అదే మొదటిసారి. ఆయన భార్య మరియమ్మ గారు పీట వేసి కూర్చోమన్నారు. మూల పెట్టెమీద ఖాకీ కోటు ఉతికి మడతపెట్టి ఉంది.

‘పడవ వచ్చినప్పుడల్లా రేవుకి ఎదురెళ్ళేవారండీ, మీ మనిషేమోనని. రెండేళ్ళు చూశారు. ఎందుకు పిలవలేదండీ?’ అని అడిగారామె.

పిలిచామనీ, కాగితం పంపామనీ చెప్పాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, ‘చేతికి అందేదాకా పిలిచినట్టు కాదండీ’ అన్నారు.

ఆ చూపు తట్టుకోలేక గుమ్మంవైపు తిరిగాను. అటూ ఇటూ రెండు తాటి గుంజలు, వాటికి ఆనించిన తాటాకు తడిక. గడప లేదు. ఆ ఇంటికి తలుపే లేదు. తలుపు ఎప్పుడు తీసేశారని అడిగాను. ఎప్పుడూ లేదండీ అన్నారు.

ఆ రిపోర్టు అబద్ధమనీ, దానిమీద ముద్ర వేసింది నేననీ నా పేరుతో ఇక్కడ రాస్తున్నాను. వచ్చే నెల రిటైరు కాబోతుండగా పుట్టుకొచ్చిన ఈ ధైర్యం నాకే రోతగా ఉంది. ఆయన లోటు తీరనిదని సభలో అన్నారు. కాగితాల్లో లోటేమీ లేదు, ఆ ఖాళీ, సర్టిఫికెట్లతో సహా, భర్తీ అయింది. కానీ బురదలోకి దిగి, వేళ్ళమీద బుధవారాలు లెక్కపెట్టి చెప్పే మనిషి మాత్రం ఈ జిల్లాకి ఇక రాడు.

దేవసహాయం గారూ, మీకు నమస్కరించే అర్హత నాకుందో లేదో తెలియదు. మీ లెక్క ప్రకారమే చెబుతున్నాను. మిమ్మల్ని మేము పిలవనే లేదు.