గ్రాఫు బుచ్చయ్యకు వచ్చిన పోటీ

గద్వాల నేతగాళ్ళ వీధిలో బుచ్చయ్యకు కిరీటం లేకపోయినా చెవి మీద పెన్సిలుంది. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో ఏ చీర అంచు మీద ఏ నెమలి మెడ తిప్పాలన్నా, ముందు అది బుచ్చయ్య గళ్ళ కాగితం మీద తిప్పి తీరాలి. ఒక గడికి ఒక పోగు. ఆయన నింపిన గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గమెక్కుతాయి. అందుకే ఆయన గ్రాఫు బుచ్చయ్య. ఆధార్ కార్డులో ఆ మొదటి మాట లేకపోవడం ప్రభుత్వం చేసిన పొరపాటని ఆయన అభిప్రాయం.

ఇంతటి ఏలుబడి ఒక పదహారేళ్ళ పిల్ల వల్ల కదిలింది. పక్కింటి సుధాకర్ కూతురు తేజస్వినికి హైదరాబాదులో ఏదో విదేశీ సిలబస్ బడిలో ఫీజు లేని సీటు దొరికింది. బడివాళ్ళు కొని తీరాలన్న వస్తువుల్లో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఒకటి. సుధాకర్ పంటి బిగువున కొనిచ్చాడు. దసరా సెలవులకు పిల్ల దాన్ని ఇంటికి తెస్తే వీధి వీధంతా చూడవచ్చింది. బుచ్చయ్య రాలేదు. కిటికీలోంచి చూశాడు. రాకపోవడం వేరు, చూడకపోవడం వేరు.

పిల్ల ఏదో సూత్రం కొట్టి మీట నొక్కింది. అరచేతంత తెర మీద అలలు ఒకదాని పక్కన ఒకటి, ఒకే కొలతన లేచి నిలబడ్డాయి. అదే వరుస బుచ్చయ్యకైతే రెండు రోజుల పని, ఒక రబ్బరు ఖర్చు.

"అన్నా, జర ఇటు రా! మిషన్ ఎట్ల గీస్తుందో చూడు," అని సుధాకర్ కేకేశాడు.

"నాకు పనుంది," అన్నాడు బుచ్చయ్య. ఆ రోజు ఆయనకు పనేమీ లేదు.

భార్య బాలమణి వెనక నుంచి అంది: "గట్ల కిటికీకి అతుక్కుంటే ఊసలు వంగుతయ్. పోయి చూడరాదు?"

"ఏముంది అండ్ల? నేను చేత్తోని గీస్త, అది కరెంటుతోని గీస్తది."

"బ్యాటరీ అంట."

"ఏదైతేంది! బ్యాటరీ అయిపోతే ఏం గీస్తది?"

"నీ కండ్లద్దాలు పోతే నువ్వేం గీస్తవ్?"

బుచ్చయ్య కండ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ కిటికీలోంచి చూశాడు.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. నేతగాళ్ళకు నూలిచ్చి చీరలమ్మే వెంకటన్నకు వనపర్తి పెళ్ళివారి నుంచి కొత్త కోరిక వచ్చింది: పెళ్ళికూతురి చీర అంచు నిండా జరీ అలలుండాలి. ఆచారం ప్రకారం వెంకటన్న బుచ్చయ్య అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, మూడుసార్లు పొగిడి, నాలుగోసారి పని చెప్పాలి. ఈసారి చెప్పులు విడవకుండా సుధాకర్ ఇంటికి పోయాడు. తేజస్విని తెర మీది చుక్కలు లెక్కపెట్టి గళ్ళ కాగితంలో నింపి ఇచ్చింది. ఆ కాగితాన్ని తెచ్చి, మర్యాదకు, "బుచ్చన్నా, పెద్దోనివి, ఒక్కసారి చూడు," అన్నాడు వెంకటన్న.

బుచ్చయ్య చూశాడు. ప్రతి అల నెత్తి మీదా ఇరవై రెండు గళ్ళు ఎడతెగకుండా నిండి ఉన్నాయి. అంటే అక్కడ జరీ పోగు పట్టూ విడుపూ లేకుండా ఇరవై రెండు పోగుల మీదుగా పోతుంది. కొట్లో మెరుస్తుంది, కట్టుకుని చెయ్యెత్తగానే గాజు దూరి లేపేస్తుంది. బుచ్చయ్యయితే ఎనిమిది గళ్ళకొకటి ఖాళీ వదులుతాడు.

"మస్తుంది. వంక పెట్టనీకె లేదు," అన్నాడు బుచ్చయ్య.

తర్వాత రెండు రోజులు ఆయన ఎంతో సుఖపడ్డాడు. గాజు తట్టుకోవడం, పెళ్ళికూతురి తల్లి కేకలు, వెంకటన్న తన అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడడం, ఇవన్నీ ఊహించుకుంటూ అన్నంలోకి నంజుకుని తిన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం మాత్రం ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. ఆ తల్లి అరవబోయేది ఏమని? "ఈ గ్రాఫు గీసినోడెవడు?" అని. గద్వాలలో ఆ ప్రశ్నకు ఒకటే జవాబుంది. పిల్ల హైదరాబాదులో ఉంటుంది, మిషను సంచిలో ఉంటుంది. నేరం దానిది, పేరు తనది.

చెయ్యి కడుక్కుని, ఎర్ర పెన్సిల్ తీసుకుని పక్కింటికి నడిచాడు.

"అట్టలు కొట్టిన్రా?"

"రేపు పొద్దుగాల కొడ్తరు. వెంకటన్న కాగితం ఈడనే పెట్టిపోయిండు," అన్నాడు సుధాకర్.

బుచ్చయ్య కూర్చుని, ఖాళీ వదలాల్సిన గళ్ళలో వరుసగా ఎర్ర చుక్కలు పెట్టసాగాడు.

"పెద్దనాయినా, ఈ గళ్ళెందుకు ఖాళీ ఉంచమంటున్నవ్?" అంది తేజస్విని.

"ఎనిమిదింటికొకసారి పోగును కిందికి గుంజకపోతే గాజు తట్టి లేస్తది. మీ మిషన్‌కు గాజులున్నయా?"

"లేవు."

"మరి గదే."

పిల్ల వెంటనే కాలిక్యులేటర్ అందుకుంది. "ఎనిమిదని ఇండ్ల ప్రోగ్రాం రాసిపెడ్త. ఇగ మర్చిపోదు."

పెన్సిల్ ఆగింది. "ఎప్పుడూ ఎనిమిదే అని ఎవరు చెప్పిన్రు? జరీని బట్టి మారుతది. ప్రతిసారి వచ్చి నన్నడగాలె."

ముప్పై ఏళ్ళలో అది ఒక్కసారీ మారలేదు.

పెళ్ళికి వెంకటన్న అందరినీ వనపర్తి తీసుకుపోయాడు. "గద్వాలల ఏదో మిషన్ గీసిందంట," అని పెళ్ళికూతురి తల్లి వచ్చిన ప్రతివారికీ అంచు చూపిస్తోంది. తలంబ్రాలకు పెళ్ళికూతురు చెయ్యెత్తింది. గాజులు అలల మీదుగా జారాయి. బుచ్చయ్య కుర్చీలో ముందుకు వంగాడు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ జారాయి. ఎక్కడా తట్టలేదు.

"ఏందయ్యా, పెండ్లిపిల్లను గట్ల గుడ్లప్పగించి చూస్తున్నవ్?" అని బాలమణి మోచేత్తో పొడిచింది.

"పిల్లను కాదే, గాజులను."

"అది ఇంకా పాడు! నలుగురు చూస్తుండ్రు."

"తట్టలే, చూసినవా? అండ్ల ఖాళీ గళ్ళు నావి."

"అయితే పోయి మైకుల చెప్పు."

బుచ్చయ్య నిజంగానే మైకు ఎక్కడుందో చూశాడు. అది పంతులు చేతిలో ఉంది.