చెమ్మ పట్టిన డప్పు, చీము పట్టిన చెవి

ఆ ఆదివారం సాయంత్రం డోర్నకల్‌లో మా క్వార్టర్ ముందు ఒక హార్మోనియం, ఒక డప్పు, రెండు జతల తాళాలు, డప్పు కాచడానికి పోగేసిన వరిగడ్డి ఉన్నాయి. మనుషులం ముగ్గురం: మా అమ్మ (మేం అవ్వ అని పిలుస్తాం), మా బావ, నేను. బావది దంతాలపల్లి. పల్లెల్లో పోలీసు క్యాంపులు పడ్డాక, డప్పు మోగితే దొరల మీద పోరాడుతూ అడవి పట్టిన సంఘం వాళ్లకు సైగ చేసినట్టేనని ఆయనను రెండుసార్లు పట్టుకుపోయారు. అందుకని మా అక్కను ఆమె అత్తమామల దగ్గర ఉంచి, తాను డప్పుతో సహా మా ఇంటికి వచ్చేశాడు. స్టేషన్ పక్కన ప్రార్థన పాటలకు డప్పు కొడితే ఎవరూ ఏమనేవారు కాదు.

నేను రైల్వేలో తంతి ఉద్యోగిని. టెలిగ్రాఫ్ యంత్రం కొట్టే టిక్కులు విని అక్షరాలుగా రాయాలి. చెవి పోతే ఉద్యోగం పోయినట్టే.

అవ్వ పాట ఎత్తుకుంది. ఆమె గొంతులో సన్నని జీర ఉంటుంది. ఆ రోజు అది నాకు వినిపించలేదు. గొంతు నున్నగా, ఎవరిదో అన్నట్టు ఉంది. హార్మోనియం కింది స్వరాలు గొంగడి కింద నుంచి వస్తున్నట్టున్నాయి. నా గొంతు మాత్రం కుండలో తల పెట్టి పాడినట్టు తలంతా మోగింది. హార్మోనియం పెట్టెలోనే ఏదో తేడా ఉందనుకుని రీడ్లు విప్పబోయాను. బావ ఆపాడు.

"పెట్టె మంచిగనే ఉన్నది బామ్మర్ది. నీ చెవే చెమ్మగిల్లినట్టున్నది."

మర్నాటికి కుడి చెవిలో నొప్పి మొదలైంది. ఆ వారంలోనే చీము పట్టింది. వైద్యం బావే నిర్ణయించాడు.

"చెవిల ఉన్నది కూడ తోలే కద అత్తా. చెమ్మ పట్టిన తోలును ఏం జేస్తం? కాపుతం."

అవ్వకు ఆ మాట నచ్చింది. రోజూ వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె చెవిలో పోసేది. తవుడు మూట వేడి చేసి కాపడం పెట్టేది. ఆమె ఒడిలో తల పెట్టుకుంటే నిజంగానే హాయిగా ఉండేది. నొప్పి తగ్గిందని కూడా అనిపించేది. కానీ చీము ఆగలేదు. చెవి వెనక ఎముక మీద వాపు వచ్చి, చెవి ముందుకు వంగింది. జ్వరం దిగలేదు. అప్పుడు దవాఖానకు వెళ్లాం.

అక్కడి డాక్టరమ్మది కోస్తా వైపు. వినపడటం లేదని చెప్పాను.

"వినపడటం లేదంటే చాలదు బాబూ. ఎలా వినపడటం లేదో చెప్పు."

టెక్నికల్ స్కూల్లో చప్పుడు గురించి నేను నేర్చినవి రెండే మాటలు: లౌడ్‌నెస్ అంటే ఎంత గట్టిగా ఉందో, పిచ్ అంటే స్వరం ఎంత ఎత్తులో ఉందో. వాటితో నా బాధ చెప్పలేకపోయాను. చివరికి మా ఇంటి మాటలే వాడాను. హార్మోనియం పలచన, నా గొంతు మందం, తాళం ఖంగుమనదు, అవ్వ గొంతులో గరుకు లేదు. డాక్టరమ్మ శ్రద్ధగా విన్నారు. రెండు కొమ్ముల ఉక్కు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా నుదుటి మీద నిలబెట్టారు. విచిత్రంగా, మోత పాడైన చెవిలోనే నిండుగా వినిపించింది. పొరబడ్డానేమోనని ఇంకోసారి పెట్టమన్నాను. మళ్లీ అంతే.

"మంచిదే. నరం బతికే ఉంది, దారి మూసుకుపోయిందంతే," అన్నారు.

చెవి డ్రమ్‌కు పర్ఫొరేషన్ అయిందని, అంటే కర్ణభేరికి చిల్లు పడిందని, చీము వెనక ఉన్న మాస్టాయిడ్ ఎముకలోకి దిగిందని చెప్పారు. ఆలస్యమైతే మెదడుకు పాకుతుంది. ఆపరేషన్ చేయాలి, కానీ పెన్సిలిన్ చేతిలో లేకుండా కత్తి పట్టనన్నారు. బావ చెప్పిన తోలు మాట, నూనె సంగతి విని, ఇక చుక్క కూడా పోయవద్దన్నారు. అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ అది చూసి, లోపల ఉన్నది తోలేనని మీ అల్లుడు సరిగ్గానే చెప్పాడు, మంట దగ్గర పెట్టే తోలు కాదంతే, అని నవ్వారు.

డాక్టరమ్మ తెప్పిస్తే హైదరాబాద్ నుంచి బయల్దేరిన మందు పెట్టె జనగామలో ఆగిపోయింది. పెన్సిలిన్ అడవిలో ఉన్న దళాలకు పోతోందని అనుమానించి పోలీసులు ఆపారు. ఆ కబురు మా తంతిలోనే వచ్చింది. డాక్టరమ్మ చీటీ తీసుకుని ఎవరైనా వెళ్లాలి. బావ లేచాడు. రెండుసార్లు పట్టుబడ్డవాడివి, నువ్వు పోవద్దని అవ్వ అడ్డుపడింది. ఆయన వినలేదు.

మర్నాడు పెట్టెతో తిరిగొచ్చాడు. నా మంచం పక్కన కూర్చుని రెండు అరచేతులు చూపించాడు.

"గీ కాయలు చూసి, తుపాకి పడితే కాసినయారా అని పోలీసాయన అడిగిండు. డప్పు పడితే కాసినయి సారూ అన్న. నమ్మలే. బల్ల మీద కొట్టి చూపియ్యమన్నడు. పొద్దుగూకేదాక కొట్టిపిచ్చుకున్నడు."

"బల్ల ఎట్ల మోగింది బావా?"

"గుల్లగ. నీ చెవి లెక్కనే."

ఆపరేషన్ అయింది. మూడు గంటలకోసారి ఇంజెక్షన్. కుట్లు విప్పాక జలుబు చేసి మళ్లీ చీము కారింది. తల తిరిగి గోడ పట్టుకుని నడిచాను. నెమ్మదిగా అదీ తగ్గింది. ఇంటికి వచ్చాక సాయంత్రాలు అవ్వ మెల్లగా పాడేది. ఇయ్యాల ఎట్లున్నదని బావ అడిగేవాడు. నేను ఒక్క మాటలో చెప్పాలి. మందం అన్నాను. తర్వాత గుల్ల అన్నాను. ఆయన ఊరుకోలేదు. గుల్ల అంటే లోపల ఖాళీగా ఉన్నట్టా, పగిలినట్టా, సరిగ్గా చెప్పమని తగువు పెట్టుకునేవాడు. ఒక రోజు నేను మాటల కోసం వెతుక్కోలేదు.

"జీర వినపడ్డదే అవ్వా."

అవ్వ పాట ఆపేసింది. "నా గొంతు గరగర అని చిన్నప్పటి సంది ఎక్కిరించినవు గదరా," అని నా తల నిమిరింది. ఆ రోజు ఇక పాడలేకపోయింది.

ఇప్పుడు మానుకోట స్టేషన్‌లో పని చేస్తున్నాను. తంతి యంత్రం ఎడమ వైపు పెట్టుకుంటాను. స్నానం చేసేటప్పుడు కుడి చెవిలో దూది పెట్టుకుంటాను. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: చీము కారే చెవిలో ఏదీ పోయకండి, వెంటనే దవాఖానకు పోయి, చప్పుడు ఎలా మారిందో మీ ఇంటి మాటల్లోనే చెప్పండి.

చివరిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ జేబు గడియారాన్ని చెవికి దగ్గరగా పెట్టి, మెల్లగా దూరం జరుపుతూ ఎక్కడిదాకా వినపడుతుందో టేపుతో కొలిచారు. ఎడమ చెవికి ముప్పై ఆరు అంగుళాలు. కుడి చెవికి పదకొండు.