రాజు చెప్పాల్సిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో చన్నీళ్లు గీజరులోంచి వచ్చేవి. వింటే నవ్వొస్తుంది కానీ, ఎనభైల మొదట్లో దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఒక్క ఎండాకాలం గడిపినవాళ్లనెవరినైనా అడగండి. డాబా మీది ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోయేవి. మామూలు కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమనేది. అందుకని గీజరు స్విచ్చి ఆపేసి, ఇంటి నీడలో కాస్త చల్లబడిన దాంట్లోని నీళ్లతో స్నానాలు కానిచ్చేవాళ్లం. ఆ కాసిని నీళ్లు నాన్నకు, తమ్ముడికి, నాకు సరిపోయేవి. అందరికంటే ఆఖరున వచ్చే అమ్మకు మిగిలేవి కాగిన నీళ్లే.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. పొద్దున్నించీ నిలబడి వచ్చిన మనిషి, బకెట్టు నింపుకుని చల్లారేదాకా గోడకు ఆనుకుని కూర్చునేది. ఓపిక లేని రోజు అలాగే పోసుకునేది. ఆమె భుజాల మీద ఎర్రగా కందిపోయిన చోట్లు చూస్తే నాకు ఏడుపొచ్చేది. నాకు అప్పటికీ ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు, మనసులో ఏదైనా పడితే వెంటనే చేసెయ్యాలి. ట్యాంకు మూత తీసేస్తే పళ్లెంలో అన్నం ఆరినట్టు నీళ్లు గాలికి చల్లారిపోతాయని పదేళ్ల బుర్రకు తోచింది.

పిల్లలెవరూ డాబా ఎక్కకూడదని మా బిల్డింగ్ వాచ్‌మన్ అన్న గట్టిగా చెప్పేవాడు. ఆయన తెలంగాణ పల్లె నుంచి వచ్చి ఏడాది కాలేదు. మెట్ల కింది చిన్న గదిలో ఉండేవాడు. ఆయన అన్నానికి కూర్చున్న వేళ చూసి పైకెక్కాను. డాబా తలుపుకు తాళం లేదు, ఒక ఇటుక అడ్డం పెట్టి ఉంది. ఇటుక జరిపి, చేతికి తువ్వాలు చుట్టుకుని, కాలుతున్న రేకు మూతను పక్కకు లాగేశాను. సాయంత్రం వచ్చి మూసేద్దాం అనుకున్నాను.

సాయంత్రం పక్కింటి అక్క దగ్గర నాటకం ఉంది. ఆ అక్క మా స్కూల్లో ఇంగ్లిష్ టీచరు. సెలవుల్లో ఊరికి వెళ్లలేక మిగిలిపోయిన పిల్లలందరినీ తన హాల్లో ఏసీ కింద కూర్చోబెట్టి, ఎప్పటివో గ్రీకుల విషాద నాటకాల సంగతులు చెప్పేది. వాటిలో జరగబోయేదంతా ముందే రాసిపెట్టి ఉంటుందట. దాన్ని తప్పించాలని రాజు ఏ పని చేస్తాడో, సరిగ్గా ఆ పనే అతన్ని అక్కడికి చేరుస్తుందట. రాజు పక్కన ఒక గుంపు ఉంటుంది. వాళ్లు ఊరి జనం. వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు, జరిగేది చూస్తూ, భయపడుతూ, అంతా రాత అని పాడుతుంటారు. అక్క మాలో ఒకరికి అట్ట కిరీటం పెట్టి రాజును చేసేది, మిగిలినవాళ్లం గుంపు. నాకు గుంపే ఇష్టం. ఎంత గట్టిగా అరిచినా ఎవరూ ప్రత్యేకంగా మనల్నే చూడరు. ఆ రోజు ఆ అరుపుల్లో పడి మూత సంగతి పూర్తిగా మర్చిపోయాను.

నాలుగు రోజులు తిరిగేసరికి బిల్డింగంతా వాంతులు, విరేచనాలు. మా తమ్ముడు మంచం దిగలేదు. రెండో అంతస్తులో ఉండేవాళ్ల పసిపాపకు మరీ ఎక్కువై, అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే సెలైన్ పెట్టారు. నీళ్లలోనే ఏదో ఉందని అమ్మ అంది. బిల్డింగ్ వ్యవహారాలు చూసే ముదీర్ వచ్చి మెట్ల దగ్గర అందరినీ ఆరా తీశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అందరికంటే ముందు నోరు విప్పింది నేనే. వాచ్‌మన్ మధ్యాహ్నాలు నిద్రపోతాడని నాకొచ్చిన హిందీలో చెప్పాను. దొంగను పట్టించినంత హుషారు నాది. ఇంతలో పైనుంచి ఇద్దరు మనుషులు సంచిలో చచ్చిన పావురాన్ని తీసుకొచ్చారు. ట్యాంకు మూత తీసి ఉందన్నారు.

ఆ మూత నేను మళ్లీ మూయలేదని అప్పుడు గుర్తొచ్చింది. నోరు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

వాచ్‌మన్ పని గురువారంతో ఖలాస్, వీసా క్యాన్సిల్ అని ముదీర్ చెప్పి వెళ్లాడు. అలా పంపేస్తే ఆయన మళ్లీ దుబాయ్ గడప తొక్కలేడని నాన్న అన్నాడు. వాచ్‌మన్ అన్న ఎవరితోనూ వాదించలేదు. గది ముందు కూర్చుని బట్టలు మడత పెట్టుకుంటూ, నేను అటు వెళితే తలెత్తి, "నా నసీబ్ల గిట్ల రాసి ఉంటే ఎవరేం జేస్తరు బిడ్డా," అన్నాడు. ముదీర్‌తో నేనన్న మాట ఆయన విన్నాడో లేదో నాకు తెలియదు. ఇంట్లో అమ్మ పాప కోసం ప్రార్థన చేస్తూ దేవుడి చిత్తం అంది. మెట్ల మీద మలయాళంలో, ఉర్దూలో, అరబ్బీలో అందరూ ఆ మాటే తిప్పి తిప్పి అన్నారు. ఇంతమంది రాత అంటుంటే కాదనడానికి నేనెవరిని? అలా అనుకుంటే కాసేపు హాయిగా ఉండేది. అది ఎంతోసేపు నిలిచేది కాదు. తిండి సహించలేదు. ఊరికే మెట్లు ఎక్కడం, దిగడం. రెండో అంతస్తులో తాళం వేసిన ఆ తలుపు ముందు నిలబడి, పాప ఏడుపు వినిపిస్తే బాగుండునని చెవి పెట్టేదాన్ని.

గురువారం పొద్దున పక్కింటి అక్క మమ్మల్ని నాటకానికి పిలిచింది. ఈసారి కిరీటం నా నెత్తిన పెట్టింది. ఒక రాజు తెలియక చేసిన పనికి ఊరంతా బాధపడుతోంది, అది తన పనేనని అతనికి ఇప్పుడే తెలిసింది, ఏమంటాడో సొంతంగా చెప్పమంది.

"నా రాత ఇంతే," అన్నాను.

"అది గుంపు మాట. వాళ్లు పాడతార్లే. రాజు మాట చెప్పు," అంది అక్క.

అందరూ నన్నే చూస్తున్నారు. రాసిపెట్టి ఉంటే రాజు తప్పేముంది అని అరిచాను. అక్క కోప్పడలేదు. రాసింది ఎవరో, ఎందుకు రాశారో ఆ నాటకాల్లో ఎవరికీ తెలియదంది. కానీ ఆ పని చేసిన చెయ్యి ఎవరిదో రాజుకు తెలుసు, ఆ ఒక్క మాటా అతను తప్ప ఇంకెవరూ చెప్పలేరు అంది. నన్ను డాబా దిగుతుండగా అక్క చూసిందో, నా మొహం చూసి పట్టేసిందో, లేక ఏమీ తెలియకుండానే అలా అందో, నేను ఏనాడూ అడగలేదు. కిరీటం తీసి ఆమె చేతిలో పెట్టి మూడంతస్తుల మెట్లూ పరిగెత్తుకుంటూ దిగాను.

కింద ముదీర్ కాగితాలతో నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ అన్న పెట్టె పక్కనే ఉంది. మూత తీసింది నేనే అని హిందీలో చెప్పాను. నిద్రపోతాడని నేను చెప్పినదానికీ, మూతకూ సంబంధం లేదని కూడా చెప్పాను. ఎందుకు తీశావని ముదీర్ అడిగితే అమ్మ స్నానం సంగతి చెప్పలేక ఏడ్చేశాను.

అప్పుడు వాచ్‌మన్ అన్న లేచాడు. పిల్లను తనే బెదిరించి చెప్పించాడని అనుకుంటారేమోనని భయపడ్డాడో ఏమో, ముందు ముదీర్ వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "మూత తీసింది నువ్వే కావచ్చు బిడ్డా. తలుపు తాళం పలిగి రెండు నెలలాయె. ఇటుక పెట్టి ఊకున్నది నేను. రోజూ చూస్తనే ఉన్న, రేపు చెప్త అనుకున్న. గా తప్పు నీ నెత్తిన ఎందుకుండాలె?" అన్నాడు. ఆ మాటే ముదీర్‌కు హిందీలో చెప్పాడు. అప్పటిదాకా నసీబ్ అన్న మనిషి, ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ముదీర్ ఇద్దరినీ చాలాసేపు తిట్టాడు. ఆఖరికి కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, కొత్త తాళం వేయమని చెప్పి వెళ్లిపోయాడు. పాప మరో వారానికి ఇంటికొచ్చింది. ఆ రోజే అమ్మ నన్ను రెండో అంతస్తుకు తీసుకెళ్లి నా నోటితోనే చెప్పించింది. పాప తల్లి అంతా విని తలుపు వేసేసింది. మేము అక్కడున్నన్నాళ్లూ ఆమె నాతో మాట్లాడలేదు. అది నాకు రావలసిందే. ఇంటికొచ్చాక అమ్మ నన్ను రెండు దెబ్బలు వేసి, తర్వాత దగ్గరికి లాక్కుని, "నా కోసం ఇంత పని చేశావా," అని చాలాసేపు ఏడ్చింది.

కొత్త తాళంతో రెండు చాబీలు వచ్చాయి. ఒకటి వాచ్‌మన్ అన్న నా చేతిలో పెట్టాడు. రోజూ పొద్దు దిగంగనే మూత చూసి వచ్చి తనకు చెప్పాలన్నాడు. డాబా ఎక్కకూడదన్న మనిషే, అంత జరిగాక, నాకే చాబీ ఇచ్చాడు. రెండేళ్లు ఒక్క రోజు తప్పకుండా ఎక్కాను.

ఇప్పుడు మనవలున్న దాన్ని. ఎవరింటికి వెళ్లినా డాబా మీది ట్యాంకు మూత చూసి వస్తే గానీ కుదురుగా కూర్చోలేను, పిల్లలు నవ్వుతారు. నా వల్ల ఎవరికైనా నొప్పి కలిగినప్పుడు, అందరిలాగే నాకూ ముందు నోటికొచ్చేది నా రాత అనే మాటే. అది గుంపు మాట అని అక్క గొంతు వినిపిస్తుంది. భయం పోదు. అయినా లేచి, ఆ మూడంతస్తులూ మళ్లీ దిగుతాను.