ఎడమ చెంప మీద బొగ్గు

కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట కింద, ఐదు కిలోమీటర్ల పరుగు మొదలయ్యే చోట, ఒక చాయ్ బండి ఉంది. ఊరంతా గ్యాసుకు మారినా ఆ బండాయన మాత్రం ఇంకా రాతి బొగ్గు భట్టీ మీదే చాయ్ కాస్తాడు. ఆదివారం పొద్దున్నే ఛాతీకి నంబరు గుడ్డ గుచ్చుకుని, మోకాళ్లకు నొప్పుల మందు రాసుకుని, నా కూతురి వయసు పిల్లల మధ్య నిలబడి నేనూ వాళ్లలాగే కాళ్లు ఆడిస్తూ ఉంటాను. ఈ వయసులో కాలు బాగున్న రోజు కాలం బాగుండదు, కాలం బాగున్న రోజు కాలు మొరాయిస్తుంది. అప్పుడు ఆ భట్టీ నుంచి ఘాటైన పొగ ఒక తెరలా ఇటు వస్తుంది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకుంటారు, నేను నిండుగా పీలుస్తాను. విజిల్ వేయకముందే మందమర్రి చేరిపోతాను. నేను అందరికంటే ముందు చేరేది అక్కడికొక్కదానికే.

మా చిన్నప్పుడు మందమర్రిలో చలికాలం పొగతో మొదలయ్యేది. బొగ్గు బాయిలో పనిచేసేవాళ్ల క్వార్టర్లు వరుసకు వరుస ఒక్క తీరుగా ఉండేవి; పొద్దున్నే ప్రతి వాకిట్లో పొయ్యి రాజేసి, మంట కుదురుకునేదాకా బయటే వదిలేస్తే, ఆ పొగ మంచుతో కలిసి కిందికి దిగి, ఎదురింటి అత్తను దగ్గు విని గుర్తుపట్టాల్సినంత చిక్కగా కమ్ముకునేది. మా అవ్వ, అంటే మా అమ్మ, బాయి సైరన్ విని బియ్యం కడిగేది, బాపు వాళ్ల అమ్మ, మా బాపమ్మ, సైరన్ విని చుట్ట ముట్టించేది, సైరన్ కూయని సెలవు రోజున కూడా పాపం ఆ చుట్ట ఆగేది కాదు. పండుగకు చేసిన సకినాలు రేకు డబ్బాలో అడుక్కు దిగి నెలాఖరుకు నువ్వుల వాసన ఒక్కటే మిగిలేది, జేబుల్లో రేగుపండ్లు నలిగి లాగులకు మరకలయ్యేవి, మగపిల్లల చిర్రగోనె అయినా మా తొక్కుడుబిళ్ల అయినా చివరికి ఎవరిదో కిటికీ పగిలి అందరం ఉరకడంతోనే ముగిసేది. పరుగులో నా సాధనంతా అదే.

జనవరిలో జెండా పండుగ నాడు కాలనీలో పరుగు పందెం ఉండేది. గ్రౌండులో సున్నపు గీత దగ్గర మొదలై, మార్కెట్ దాటి, రైలు గేటు దగ్గరి మైలురాయిని చుట్టి మళ్లీ గీతకే రావాలి. ఒకప్పుడు కొందరు సగం దారిలో తుమ్మ చెట్ల వెనక దాక్కుని, ముందు పోయినవాళ్లు తిరిగి వస్తుంటే వాళ్లలో కలిసిపోయేవారట. అందుకని మైలురాయి దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టేవారు. ఆయన బొగ్గు పొడిని ఆముదంలో రంగరించి, అందులో బొటనవేలు ముంచి, చుట్టి వచ్చిన ప్రతివారి ఎడమ చెంప మీద అద్దేవాడు. రంగుకు ఖర్చవుతుంది కానీ బొగ్గుకేముంది, మా ఊళ్లో ఊరికే దొరికేది అదొక్కటే. అయితే మా ఊళ్లో ముఖానికి బొగ్గు అంటని వాళ్లెవరు? అందుకే వట్టి నలుపు చెల్లదు, వేలి ముద్ర కనబడాలి. ముద్ర ఉంటేనే మైకులో పేరు, బూందీ పొట్లం.

ఆ వేలు ఖాజా చిచ్చాది. మా వరుస చివరి క్వార్టర్ పక్కన మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. చుట్టమొచ్చినా, సొంత కొడుకొచ్చినా రాయి చుట్టనిదే ముద్ర వేయడని పేరు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది ఆడపిల్లలు కూడా ఉరకొచ్చన్నారు. పేర్లిచ్చిన మిగతా ఆడపిల్లలందరికీ ఆ పొద్దున ఒకేసారి జ్వరాలొచ్చాయి. నన్ను ఊరుకో అన్నవాళ్లే తప్ప ఉరుకు అన్నవాళ్లు లేరు, ఒక్క బాపు తప్ప. చిచ్చా మిగిలిన ముక్కలతో నాకొక లాగు కుట్టిచ్చాడు, ఒక కాలు ఖాకీ, ఒక కాలు నీలం. పందెం నడిపే మైకు రాజన్న నన్ను ఎగాదిగా చూసి బాపు వైపు తిరిగాడు.

"మల్లన్నా, నీ బిడ్డ మార్కెట్ దాకనన్న పోతదా? ఆడివిల్లలు నడిమిట్లకెల్లి మల్లస్తరే. గట్లయితె వచ్చే ఏడు ఆడోళ్లకు ముగ్గుల పోటీ పెట్టుడే మంచిది."

 ముగ్గుల పోటీ అనగానే నాకు భయమేసింది. నా ముగ్గు చూసి వాకిట్లో కోడి తిరిగిందనుకునేది మా అవ్వ.

ఉరికాను. మార్కెట్ దాటేసరికి ముందున్నవాళ్ల వీపులు కనబడకుండా పోయాయి, వెనక మాత్రం ఒక కుక్క నమ్మకంగా వచ్చింది. రాయి చుట్టాను. చిచ్చా చెంప మీద వేలు అద్ది, "పో బేటీ, ఆగకు" అన్నాడు. తిరుగుదారిలో ఎండెక్కింది. చెమటా మసీ కలిసి కంట్లోకి దిగి కళ్లు మండితే, ఉరుకుతూనే చొక్కా చేతితో ముఖమంతా గట్టిగా తుడుచుకున్నాను. ఏటా ఉరికే పిల్లలు గీత దాటేదాకా ముఖం ముట్టరని నాకెవరు చెప్పాలి?

గీత దాటాను. రాజన్న నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ముఖమంతా నల్లగా ఉంది, ముద్ర లేదు.

"ఏదమ్మా గుర్తు?"

"చిచ్చా పెట్టిండు. చెమటకు తుడుసుకున్న."

"మార్కెట్ల మిర్చీలు తిని మల్లచ్చింది" అన్నాడొకడు. అందరూ నవ్వారు. రాజన్న కూడా నవ్వి, "నేను జెప్పలే? గుర్తు లేంది పరుగు లెక్క గాదు. కావల్నంటె మల్ల ఉరికి రాపో" అన్నాడు.

ఆయన అది పరాచికానికే అన్నాడు. నేను నియమం అనుకున్నాను. బాపు ముఖం కూడా చూడకుండా వెనక్కి తిరిగాను. కడుపులో పొడుస్తుంటే చేత్తో పట్టుకుని, కాసేపు నడిచి, కాసేపు ఉరికి, మళ్లీ మార్కెట్ దాటాను. కూరగాయలమ్మే ముసలమ్మలు ఈసారి నవ్వలేదు, ఇదేదో రెండో పందెమనుకుని దారిచ్చారు. కల్వర్టు దగ్గర చిచ్చా సైకిలు మీద ఎదురొచ్చాడు. పని ముగిసి, బొగ్గు డబ్బా జేబులో వేసుకుని ఇంటికి పోతున్నాడు. జరిగింది చెప్పి చెంప చూపించాను. ఆయన డబ్బా తీయలేదు.

"బేటీ, గీడ వెడితె అది దిష్టి సుక్కయితది. లాగు కుట్టిచ్చిన గని, గుర్తు ఊకె ఇయ్య. రాయి కాడికి నడువు."

"జర దూరమే గద, చిచ్చా."

"జర దూరమే గద, నడువు."

సైకిలు వెనక్కి తిప్పాడు. ఎక్కమనలేదు, అంటే ఎక్కేదాన్నేమో. రాయి చుట్టాను. ఈసారి వేలు నింపాదిగా, గట్టిగా అద్దాడు. తిరుగుదారంతా నా పక్కనే సైకిలు తొక్కుతూ, కుక్కలు వస్తే గంట కొడుతూ, నా చెయ్యి కొంచెం లేచినా "దించు, దించు. ముక్కు కారినా ముట్టకు" అంటూ వచ్చాడు. అది కారింది కూడా.

గ్రౌండు చేరేసరికి షామియానా లేదు, మైకు లేదు, కుర్చీలు ట్రాక్టరెక్కాయి. మిగిలింది పేర్లు చదివే బల్ల ఒక్కటే. దాని మీద మా బాపు కూర్చుని ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా వచ్చిన మనిషి, రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకున్నాడు. రాజన్న ఆ బల్ల చుట్టూ తిరుగుతున్నాడు.

"మల్లన్నా, లెవ్వరాదే. ట్రాక్టరాయన పరేషాన్ చేస్తుండు."

"నా బిడ్డ వస్తది. అచ్చినంక తీస్కపోండ్రి."

సున్నపు గీతను అప్పటికే అందరూ తొక్కి చెరిపేశారు. అది ఉండాల్సిన చోటు చూసుకుని దాటాను. రాజన్న వచ్చి వంగి నా చెంప చూశాడు. చాలాసేపు చూశాడు. చిచ్చా పక్కన నిలబడి కూడా ఒక్క మాట సాయం చేయలేదు.

"ఉన్నది" అన్నాడు రాజన్న. మైకు లేకపోయినా ట్రాక్టరు మీది వాళ్లందరికీ వినబడేట్టు నా పేరు చదివాడు. బాపు అప్పుడు బల్ల దిగాడు. బూందీ అయిపోయింది. మరుసటి ఏడు ముగ్గుల పోటీ పెట్టలేదు. జ్వరాలు కూడా ఎవరికీ రాలేదు.

ఇప్పుడా బాయి మూతపడింది. సైరన్ కూయదు, మా వరుస క్వార్టర్లను సర్కారు తుమ్మ కమ్మేసింది, ఏ వాకిట్లోనూ పొయ్యి రాజుకోదు. బాపు లేడు, ఆ బొటనవేలూ లేదు. ఇక్కడ కరీంనగర్‌లో నంబరు గుడ్డ వెనక చిన్న చిప్పు అతికిస్తారు. నేను ఎక్కడ తిరిగానో, ఎంత ఆలస్యంగా తిరిగానో అదే చెబుతుంది, నాకు ఊపిరి అందకముందే ఫోనుకు సందేశం అందుతుంది. మొన్న నాతో సమానంగా ఉరికిన, అంటే నాతోపాటు వెనకబడిన, ఒక అమ్మాయి చేతిరుమాలు అందించింది.

"ఆంటీ, చెమట కండ్లల్లకు వోతుంది. తుడుసుకోండ్రి."

కుడి వైపు తుడుచుకున్నాను.

ఎడమ వైపు అలాగే ఉంచి గీత దాటాను. దాటాక కూడా కాసేపు తుడుచుకోను. ఎవరైనా వంగి చూస్తారేమోనని నిలబడతాను.