ఎదురు కిటికీ డ్యూటీ

బాపట్ల చేరేసరికి ఉదయం తొమ్మిది. రేపల్లెలో ఆరింటికి జీపెక్కాను. మామూలు రోజుల్లో అంతసేపు పట్టే దారి కాదు. ఆ రోజు ప్రతి వంతెన దగ్గరా అడ్డంగా కర్రలు కట్టారు, ప్రతిచోటా ఆగి కాగితం చూపించాలి. మొదటి లాక్‌డౌన్ వేసవి అది. సైన్యంలో పదిహేడేళ్లు చేసి, హవల్దారుగా రిటైరై, ఇంటి దగ్గర వరి, మినుము చూసుకుంటున్న నన్ను మళ్లీ డ్యూటీకి పిలిచారు. క్వారంటైన్ కేంద్రానికి మాజీ సైనికులు కావాలన్నారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక చస్తున్నాను, వెంటనే ఒప్పుకున్నాను.

పోస్టు ఊరి చివర ఒక కాలేజీ హాస్టలు. రెండంతస్తులు. మధ్యలో ఖాళీ జాగా, మూడు వైపులా గదులు, కిటికీలన్నీ ఆ జాగా వైపే. గదికొక మనిషి. మధ్యాహ్నం దాకా ఉక్క, ఆ తర్వాత సూర్యలంక వైపు నుంచి ఉప్పుగాలి. నాకిచ్చిన సామాను: మాస్కులు, చేతి తొడుగులు, ఒక విజిల్, ఒక వాకీటాకీ. ఆఫీసరు ఆర్డరు నోటితోనే చెప్పారు. ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. తలుపు తీసేది అన్నానికీ, నర్సమ్మకీ మాత్రమే.

మేం నలుగురం. నర్సమ్మ, డ్రైవరు, వంటాయన, నేను. నర్సమ్మ పొద్దున, సాయంత్రం జ్వరం చూసేది. ఆ తర్వాత వాకీటాకీలో మా మాటలు రోజూ ఒకటే.

“పైనుంచి చెప్తున్నా. జ్వరాల్లేవండి.”

“దగ్గులు?”

“లేవండి.”

“ఓకే.”

అంతే. జ్వరం లేకపోతే మనిషి బాగున్నట్టే మా లెక్క.

మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతుంటారు, ఏ డ్యూటీ కష్టమని. మంచు కొండల కథ చెబుతానని చెవులు రిక్కిస్తారు. బాపట్ల అంటే నవ్వుతారు. ఫ్యాను కింద పడుకుని మూడు పూటలా తినడానికి కష్టమేంటని. నాకు ఒళ్లు మండుతుంది. మంచులో మేం ఆరుగురం ఒకే బంకర్లో, ఒకరి కాళ్లు ఒకరికి తగులుతూ పడుకున్నాం. పోట్లాడుకోవడానికైనా పక్కన ఇంకొకడు ఉండేవాడు. ఒంటరితనమంటే ఏమిటో నేను చూసింది బాపట్లలోనే.

కోటేశ్వరరావుది తెనాలి. ఒక సందులో టీ కొట్టు. నలభై అయిదేళ్లుంటాయి, పెళ్లి చేసుకోలేదు. కొట్టు వెనక గదిలోనే కాపురం. ఆ సందే ఆయన ఇల్లు, వాకిలి, చుట్టాలు, పక్కాలు. కొట్టుకొచ్చిన ఒకాయనకి జబ్బు తేలడంతో ఈయన్ని తెచ్చి పై అంతస్తు గదిలో పెట్టారు. మొదటి రోజు కిటికీ దగ్గర నిలబడి హాస్టలంతా పలకరించాడు. వంటాయన టీ తాగి, “ఇది టీయా, కషాయమా? పాలు మరిగాక పొడెయ్యవయ్యా బాబూ,” అని పైనుంచి పాఠం చెప్పాడు. వంటాయనకి కోపమొచ్చింది గాని, మర్నాడు అలాగే పెట్టాడు.

నాలుగైదు రోజులకి ఆ గొంతు తగ్గింది. రోజంతా ఫోను చేతిలో పట్టుకుని ఉండేవాడు. తలుపు బయట నిలబడి అడిగాను.

“ఎవరికండీ ఫోను?”

“మా సందోళ్లకండి. ఎవరూ ఎత్తట్లేదు. రోగం నా కొట్టు నుంచే అంటిందని అనుకుంటున్నారంట.”

“మీరెలా ఉన్నారు?”

“బాగానే ఉన్నానండి.”

అన్నం పళ్లెం సగం అలాగే తిరిగొచ్చింది. మర్నాడు మొత్తం తిరిగొచ్చింది. ఆ సాయంత్రం డ్రైవరు వాకీటాకీలో పిలిచాడు. “మిలిట్రీ గారూ, పైనున్న టీ కొట్టాయన నాకు కొత్త చెప్పులిచ్చేశాడండి. తనకింక అక్కర్లేదంట. తీసుకోమంటారా?”

సైన్యంలో మాకు మొదట నేర్పే సంగతుల్లో ఇదొకటి. మనిషి తన వస్తువులు పంచిపెట్టడం మొదలుపెడితే వాణ్ణి క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. కేంద్రానికొచ్చే డాక్టరుకి వెంటనే ఫోను చేశాను. పొద్దున్నే వస్తానన్నారు, అప్పటిదాకా కనిపెట్టుకుని ఉండమన్నారు. ఆ రాత్రి నేను ఆయన తలుపు బయటే కుర్చీ వేసుకున్నాను. డాక్టరు వచ్చి గంటసేపు మాట్లాడారు, మందులిచ్చారు. వెళ్తూ నాతో ఒక మాట అన్నారు. “మందులు ఒక ఎత్తు. ఈయనకి మనిషి కావాలండి.”

గదికొక మనిషి అని ఆర్డరు. మనిషిని ఎక్కణ్ణుంచి తేవాలి?

మంచులో ముక్కు కొస తెల్లబడితే ఎవరికి వారికి తెలియదు. నొప్పి ఉండదు. ఎదుటివాడు చూసి చెప్పాలి, లేకపోతే ముక్కు పోతుంది. అందుకే అక్కడ ప్రతి మనిషికీ ఒక జోడీని కడతారు. గంటగంటకీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా డ్యూటీయే. జోడీ చెప్పేదాకా ఎవడూ బాగున్నట్టు కాదు.

కోటేశ్వరరావు కిటికీకి సరిగ్గా ఎదురు కిటికీలో రేపల్లె టీచర్ గారు ఉండేవారు. రిటైరైన లూథరన్ స్కూలు టీచరు. పొద్దున్నే సన్నగా పాట పాడుకుని ప్రార్థన చేసుకునేవారు. మిగతా వేళల్లో వంటాయనకి ఉప్పు గురించీ, నాకు విజిల్ మోత గురించీ చీవాట్లు. ఆవిడ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

“నేనేం చెయ్యాలి?”

“పొద్దున ఏడింటికి, సాయంత్రం అయిదింటికి ఆయన ముఖం చూడాలండి. ఆయన మీ ముఖం చూడాలి. రాకపోతే పళ్లెం మోగించండి.”

“అంతేనా?”

“అంతేనండి.”

“పాతికేళ్లు హాజరు తీసుకున్నాను. ఇదో లెక్కా?” అన్నారు.

నర్సమ్మని అడిగాను, రూలు తప్పుతున్నామా అని. “తలుపు తీస్తే తప్పండి. కిటికీలోంచి మాట్లాడితే ఏం తప్పు?” అంది.

కోటేశ్వరరావుకీ చెప్పి ఉంచినా, ఆ సాయంత్రం అయిదింటికి ఆయన కిటికీ దగ్గరికి రాలేదు. పళ్లెం మోగింది. పైకి పరుగెత్తాను. తలుపు కొడితే లోపలినుంచి మళ్లీ అదే మాట, బాగానే ఉన్నానండి అని. అప్పుడు జాగా అవతలినుంచి ఆవిడ గొంతు వినబడింది. క్లాసు వెనక బెంచీకి కూడా వినబడే గొంతు.

“కోటేశ్వరరావూ, బాగుంటే కిటికీ దగ్గరకి రా. నేను చూడాలి.”

చాలాసేపటికి మంచం కిర్రుమంది. కిటికీ దగ్గరికి వచ్చాడు. చువ్వలు పట్టుకుని అలాగే ఏడ్చాడు. ఆవిడ ఊరుకోమనలేదు. ఏడుపు ఆగేదాకా ఎదురుగా నిలబడ్డారు. ఆ తర్వాత అడిగారు.

“మీ కొట్టుకి పొద్దున్నే మొదట ఎవరొస్తారు?”

“వెంకాయమ్మత్తండి. పూలమ్ముద్ది.”

“టీ ఎలా తాగుద్ది?”

“పంచదార ఎక్కువండి. సాసర్లో పోసుకుని తాగుద్ది. ఆమె కూతురికి బిడ్డ పుడితే సందంతా ఊరికే టీ పోశానండి ఆ రోజు.”

“రేపు ఇంకొకళ్ల గురించి చెప్పాలి. అన్నం తిని చెప్పాలి. ఉత్త కడుపుతో చెప్తే నేను వినను.”

ఆ రోజు నుంచి సాయంత్రం అయిదింటికి రోజుకొక మనిషి కథ. ట్యూషన్ మాస్టారు, రిక్షా సూరిబాబు, ఇస్త్రీ బండి అన్నదమ్ములు. హాస్టలంతా కిటికీల దగ్గరికి చేరేది. మేమెవరమూ చూడని ఆ సందు మా అందరికీ తెలిసిన సందైపోయింది. పళ్లేలు ఖాళీగా తిరిగొచ్చాయి. డ్రైవరు చెప్పులు వెనక్కి ఇచ్చేస్తే కోటేశ్వరరావు పుచ్చుకున్నాడు. మిగతా గదులకి కూడా జోడీలు కట్టాను. అప్పుడు బయటపడింది, బాగున్నానన్నవాళ్లలో ఎంతమందికి నిద్ర లేదో.

ఇద్దరికీ పరీక్షలో ఏమీ లేదని వచ్చాక, ఒకే వ్యాన్లో బయలుదేరాం. నా డ్యూటీ కూడా అయిపోయింది. పొన్నూరు మీదుగా తెనాలి. అక్కడ కోటేశ్వరరావుని దించాలి. అక్కణ్ణుంచి వేమూరు మీదుగా టీచర్ గారూ, నేనూ రేపల్లె. ఇంటికొచ్చాక నన్ను గొడ్లచావిట్లో ఉంచారు. నా భార్య గడప దగ్గర పళ్లెం పెట్టి, తలవంచుకుని వెళ్లిపోబోతుంటే పిలిచి, ఒకసారి నా ముఖం చూసి వెళ్లమన్నాను. చూసింది. కళ్లు గుంటలు పడ్డాయంది. అద్దంలో నాకది కనబడలేదు.

కోటేశ్వరరావు బతికే ఉన్నాడు. కొట్టు తెరిచాడు. తెనాలి వెళ్తే అక్కడే టీ తాగుతాను. టీ బాగుంటుంది. జనం వస్తారు, నవ్వుతారు, జరిగిందంతా మర్చిపోయారు. ఆయన గ్లాసు అందిస్తాడు, ఎవరినీ ఏమీ అడగడు. టీచర్ గారు మాత్రం ఇప్పటికీ ఫోను చేసి మాట్లాడిస్తారు. ఆ రోజు వ్యాన్ దిగి కొట్టు దాకా ఆయన పక్కన నడిచింది కూడా ఆవిడే.

నాకు మాత్రం అంతకు ముందు నిమిషం కళ్లముందు నుంచి పోదు. సందు మొదట్లో అడ్డంగా రెండు వెదురు బొంగులు కట్టారు. వాటి అవతల జనం, అందరి మూతులకీ గుడ్డలు. కోటేశ్వరరావు సంచి భుజాన వేసుకుని దిగాడు. వెంకాయమ్మత్తా అని పిలిచాడు. మాస్టారూ అన్నాడు. సూరిబాబూ అన్నాడు. ఎవరూ పలకలేదు. మా వైపు తిరిగి, “మాస్కులో గుర్తుపట్టలేదండి,” అన్నాడు. మాస్కు కిందికి లాగి, వాళ్ల వైపు తిరిగి నవ్వాడు.

సందు మొత్తం ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

ఆయన మాస్కు పైకి లాక్కున్నాడు. “తప్పయిపోయిందండి,” అన్నాడు.