చుక్క బర్రె, నాయనమ్మ చీర

మొన్న బోనాలకు ఛత్రినాకలోని పుట్టింటికి వెళ్లినప్పుడు, సందులో నడుస్తుంటే వెనక ఎక్కడో ఇనుప గేటు కిర్రుమంది. నేను ఏమీ ఆలోచించకుండానే పాపను దగ్గరకు లాక్కుని గోడకు ఆనుకుని నిలబడిపోయాను. గేటులోంచి వచ్చింది ఒక తెల్ల కారు. ఎందుకు ఆగామని పాప అడిగింది. బర్రెలు వస్తున్నాయనుకున్నానని చెప్పడానికి సిగ్గేసి, చెప్పులో రాయి పడిందన్నాను.

ఆ గేటు వెనక ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉన్న చోటే మా నాయనమ్మ తబేలా ఉండేది. ముందు రేకుల కొట్టం, అందులో ఆరేడు బర్రెలు, వెనక మా రెండు గదులు. తాత పోయాక ఆ బర్రెల మీదే నాయనమ్మ బాపును, మేనత్తను పెంచి పెళ్లిళ్లు చేసింది. పొద్దున, సాయంత్రం పాలు పిండడం, వాడిక ఇళ్లకు పంపడం, మిగిలింది మూలమలుపు చాయ్ హోటల్ భాయ్‌కి పోయడం, ఇదే ఆమె జీవితం. మీలో పాత బస్తీలో పెరిగినవాళ్లకు ఇలాంటి ఇల్లు ఒక్కటైనా గుర్తుండే ఉంటుంది, కనీసం ఆ వాసనైనా.

బర్రెల్లో నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్నదాన్ని చుక్క అనేవాళ్లం. మిగతావాటిని బాపు కూడా పిండేవాడు కానీ చుక్క మాత్రం నాయనమ్మ చేయి పడితే తప్ప పాలు చేపేది కాదు. ఇంకెవరు కూర్చున్నా కాలు విసిరేది. ఒక్క పూట పిండకపోతే పొదుగు వాచి జ్వరం వస్తుంది కాబట్టి, నాయనమ్మ పెళ్లికి వెళ్లినా చావుకు వెళ్లినా సాయంత్రం పాలవేళకు తిరిగొచ్చేది. సైదాబాద్‌లో ఉన్న కూతురి ఇంట్లో కూడా ఒక్క రాత్రి ఉండలేదు. చుట్టాలు దెప్పేవాళ్లు, ఆమె నవ్వి ఊరుకునేది. ఆ దెప్పిపొడుపులు ఆమెకు కొంచెం ఇష్టమేనేమో అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

మేనత్త మొదటి కాన్పప్పుడు నాయనమ్మ పొద్దుటి నుంచీ ఆసుపత్రిలోనే ఉండి, ఇంకా టైముందని నర్సు అంటే సాయంత్రం పాలకు లేచి వచ్చింది. ఆమె ఇంటికొచ్చి బర్రె దగ్గర కూర్చున్న ఆ గంటలోనే అక్కడ బిడ్డ పుట్టి పోయింది. నాయనమ్మ అక్కడే ఉన్నా ఆ బిడ్డ దక్కేది కాదని అందరికీ తెలుసు, మేనత్తకూ తెలుసు. కానీ ఆ గంటలో తల్లి పక్కన లేదన్నది ఆమె మనసులో ఉండిపోయింది.

రెండోసారి డాక్టరమ్మ ముందే ఆసుపత్రిలో చేర్చమంది. చూడటానికి వెళ్లిన బాపుతో మేనత్త కబురు పంపింది. "అన్నా, ఈసారి పాలటైముకు లేచిపోయేదుంటే అసలు రానేవద్దని చెప్పు అమ్మకు."

బాపు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. నాయనమ్మ చాలాసేపు తవుడు కలుపుతూనే ఉంది. తర్వాత చేతులు కడుక్కుని, కట్టుకున్న చీర విడిచి గోడ మీద వేసి, ఉతికిన చీర కట్టుకుని, బర్రెల వైపు చూడకుండా వెళ్లి ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం బాపు చుక్క దగ్గర కూర్చోగానే బకెట్టు వెళ్లి గోడకు తగిలింది. మళ్లీ కూర్చుంటే బాపు వెళ్లి గోడకు తగిలాడు. మా అమ్మ పుట్టింట్లో పాలపని లేదు, ఆమెకు పిండడం రాదు. నాయనమ్మకు కబురు పంపుదామంది.

"చెప్పిన్రో, గిప్పుడే లేచొస్తది," అన్నాడు బాపు నడుము పట్టుకుని. "చెల్లె మల్ల ఒంటరిదైతది. ఎవ్వలు చెప్పొద్దు."

కొట్టంలో కాసేపు అటూ ఇటూ తిరిగి, గోడ మీది ఆ విడిచిన చీరను తీసుకుని లుంగీ మీదే చుట్టుకున్నాడు. తల మీద కొంగు కప్పుకుని, నోరు మెదపకుండా వెళ్లి కూర్చున్నాడు. ఆ చీరలో పేడ, తవుడు, నాయనమ్మ చెమట అన్నీ ఉన్నాయి. చుక్క తల తిప్పి వాసన చూసింది, ఇంకోసారి చూసింది, కాలు కదిపింది. సరిగ్గా అప్పుడే పాల క్యాన్లు పట్టుకుని హోటల్ భాయ్ లోపలికొచ్చాడు.

"అరే, ముసలమ్మకు గీ మీసాలెప్పుడొచ్చినయ్?"

అమ్మ అతని నోరు మూసినంత పని చేసింది. బాపు మాత్రం పైకి చూడలేదు. కాసేపటికి బకెట్టులో మొదటి ధార చప్పుడైంది. భాయ్ క్యాన్లు అక్కడే దించి, నవ్వు ఆపుకోవడానికి సందులోకి పరుగెత్తాడు. ఆ చీరను ఎవరూ ఉతకొద్దని బాపు ఇంట్లో హుకుం వేశాడు.

మేనత్తకు ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు నాయనమ్మ అక్కడే ఉంది, ఆ తర్వాత కూడా మేనత్త పొమ్మనేదాకా ఉంది. ఈలోపు చుక్క బాపుకు ఎంత అలవాటైపోయిందంటే, చివరికి చీర లేకుండా కూర్చున్నా కదలకుండా పాలిచ్చేది. మేత బాగా తిని కొంచెం ఒళ్లు కూడా చేసింది.

నాయనమ్మ తిరిగొచ్చి, చెప్పులు విడవకముందే బాపును అడిగింది.

"చుక్క నన్ను యాది చేసిందారా?"

బాపు ఒక్క క్షణం అమ్మ వైపు చూశాడు. "మస్తు యాది చేసిందే. రెండు దినాలు గడ్డి ముట్టలే. పొద్దుగూకులు గేటు దిక్కే చూసుడు."

"నాకెర్కే, పిచ్చిది," అని నాయనమ్మ కొట్టంలోకి వెళ్లి, ఆ బర్రెను తిడుతూ చాలాసేపు దాని మెడ రాస్తూ ఉండిపోయింది. అసలు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. సందు మొత్తానికీ తెలుసు, అయినా చెప్పలేదు. తర్వాత కూతురింటికి వెళితే రాత్రి ఉండి వచ్చేది కానీ, పాలవేళ కాగానే పదేపదే కూర్చున్న చోటు మార్చుకునేదని మేనత్త ఇప్పటికీ చెబుతుంది.

నాయనమ్మ పోయింది. ఇళ్ల మధ్య బర్రెలు ఉండకూడదని మున్సిపాలిటీవాళ్లు అన్నారు, బాపు వాటినీ అమ్మేశాడు. నేనిప్పుడు అద్దె ఇంటికి తాళం వేసి ఎక్కడికైనా వెళ్లగలను, ఎన్ని రోజులైనా ఉండగలను. మా కాలం ఆడవాళ్లం అదృష్టవంతులమని మేనత్త అంటుంది, నేను కాదనను. కాకపోతే తిరిగొచ్చి తాళం తీసేసరికి, ఇల్లు నేను ఎలా వదిలి వెళ్లానో అలాగే ఉంటుంది.